చక్కెర వేయలేదు కదా అనుకున్నాను!

మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా? ఉంటే ఈ వంటల పేజీలో తీపి కనబడగానే మీ చూపు ఒక్క క్షణం ఆగి, మనకెందుకులే అని పక్క పేజీకి వెళ్ళిపోతూ ఉంటుంది. నాకు తెలుసు. మావారికి షుగరు అని తెలిసిన దగ్గర్నుంచి నాదీ అదే తంతు. ఇవాళ మాత్రం పేజీ తిప్పకండి. నేను చెప్పబోయేది తీపి గురించే అయినా, మీలాంటి వాళ్ళకోసమే చెబుతున్నాను.

వంటకం పేరు అంజూర క్రంబ్ బార్లు. అడుగున పొడిపొడిగా కలిపిన పిండి ఒత్తి, మధ్యలో ఉడికించిన అంజూర గుజ్జు పరిచి, పైన మళ్ళీ అదే పొడి చల్లి ఓవెన్లో కాలుస్తారు. చల్లారాక ముక్కలు కోస్తారు. అంతే. మొదటిసారి ఈ పేరు చెప్పినప్పుడు మావారు "ఏమే, ఇంట్లోనే బారు తెరిచినావా?" అని పడీపడీ నవ్వారు. ఆ నవ్వు చూద్దామనే నేను అవి చేసింది. కానీ ఆ బార్లే తర్వాత మా ఇంట్లో ఎంత కలత తెచ్చాయో, అందులో నా తప్పు ఎంతో, మళ్ళీ వాటిని ఎలా దారికి తెచ్చుకున్నానో చెబుతాను, వినండి.

అంజూరతో నా చుట్టరికం చిన్నప్పటిది. మా పుట్టిల్లు బళ్లారి దగ్గర ఒక పల్లె. కర్ణాటకలో ఉన్నా అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు. ఆ వైపు అంజూర తోటలున్నాయి. కాపు వచ్చినప్పుడు నాన్న చిన్న బుట్టలో ఆకులు పరిపించి పండ్లు తెచ్చేవారు. గట్టిగా పట్టుకుంటే నలిగిపోయేవి, రెండు రోజులు దాటితే పులిసిపోయేవి. అందుకే పచ్చి అంజూర దూరపు ఊళ్ళకు అంతగా వెళ్ళదు. మనకు ఎక్కడైనా దొరికేది ఎండుదే. దారానికి గుచ్చి దండల్లా అమ్ముతారు చూడండి, అవి ఎక్కువగా అఫ్గానిస్తాన్ నుంచి వచ్చేవి.

మా నాయనమ్మ ప్రతి పండునీ రెండుగా చీల్చి, లోపల పురుగు లేదని చూశాకే మా చేతిలో పెట్టేది. "ఇది మేడిపండుకు చుట్టమే. పైన నిగనిగ చూసి మోసపోకూడదు" అనేది. మేడిపండు మీద వేమన పద్యం మనలో రానిదెవరికి? నాయనమ్మ మాట నిజమే. మేడి, అంజూర, మర్రి, రావి అన్నీ ఒకే జాతి చెట్లు. వీటికి పువ్వు బయటికి కనబడదు. మనం పండు అనుకునే దాని లోపలే సన్నటి పువ్వులు వందలకొద్దీ ఉంటాయి. ఇప్పటికీ ఎండు అంజూర కొంటే ఒక్కొక్కటీ చీల్చి చూడనిదే నేను వంటలో వేయను. మీరూ అలాగే చేయండి. నిలవ సరుకు కదా, పురుగు పట్టే అవకాశం ఉంది.

పెళ్ళయి నేను వచ్చింది గుంతకల్లుకు. రైల్వే ఊరు. మావారు గూడ్సు బండి నడిపే లోకో పైలట్. మొదట్లో మేమున్న క్వార్టర్స్‌లో పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉండేవారు. రైలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన ఆ కుటుంబాలు ఒకప్పుడు ఈ ఊళ్ళో బాగానే ఉండేవట. క్రిస్మస్ వస్తుందంటే ఆంటీ ఇంట్లోంచి వెన్న, ఏలకుల వాసన మా వాకిట్లోకి వచ్చేది. గులాబీ పువ్వులు, కల్‌కల్‌లు, ప్లమ్ కేకు ఒక పళ్ళెంలో సర్ది, పైన లేసు గుడ్డ కప్పి పంపేవారు. ఆ పళ్ళెంలోనే నేను మొదటిసారి అంజూర బారు రుచి చూశాను. ఉగాదికి ఒబ్బట్లు తీసుకెళ్ళినప్పుడు చెయ్యి పట్టుకుని "నాకు నేర్పించండి ఆంటీ" అని అడిగాను.

ఆవిడే ఒక సరదా సంగతి చెప్పారు. అమెరికాలో అంజూర గుజ్జు నింపిన బిస్కెట్లు 1891 నుంచి ఉన్నాయట. పేరు ఫిగ్ న్యూటన్. అది వినగానే నేను యాపిల్ పండు న్యూటన్ అనుకున్నాను. కాదట! అక్కడి మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూటన్ అనే ఊరుంది, ఆ ఊరి పేరు పెట్టారట. ఆ బిస్కెట్టుకు పిండి లోపల గుజ్జు కూరే మిషను కావాలి. మన క్రంబ్ బారు దానికి ఇంటిపట్టున ఉండే చెల్లెలు. మిషను వద్దు, కర్ర వద్దు, పీట వద్దు. చేత్తో నలపడం వస్తే చాలు.

చాలు అన్నానే గానీ, నాకు మొదటి మూడు సార్లూ కుదరలేదు. చీటీ పాడిన డబ్బుతో చిన్న ఓవెన్ కొన్నాను. మొదటిసారి నిండు వేసవిలో మొదలుపెట్టాను. మా ఎండలు మీకు తెలియనివి కావు. వెన్న పిండిలో వేసి నలుపుతుంటే కరిగిపోయి, పొడి కావాల్సింది చపాతీ ముద్ద అయి కూర్చుంది. రెండోసారి గుజ్జు పల్చనై అడుగు పిండి నానిపోయింది. మూడోసారి అంతా బాగా కుదిరింది. ఆగలేక వేడివేడిగా కోశాను. మొత్తం పొడిపొడిగా రాలిపోయింది. మా అత్తమ్మ చెంచాతో తిని, "బాగుంది లేమ్మా, తీపి ఉప్మా" అన్నారు. నాలుగోసారికి గానీ అది బారు కాలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

రెండేళ్ళ క్రితం మావారికి షుగరు ఉన్నట్టు బయటపడింది. ఆయన తీపి లేనిదే భోజనం ముగించే మనిషి కాదు. చిన్న బెల్లం ముక్క అయినా నోట్లో పడాలి. డాక్టరమ్మ మాత్రలు రాసి, అన్నం తగ్గించమని, నడవమని, తీపి మానమని చెప్పారు. ఆయన మానేశారు. కానీ పండగ పూట అందరి విస్తళ్ళలో ఒబ్బట్టు పడి, ఆయన విస్తరి ఖాళీగా ఉంటే, వడ్డించే నాకు చేతులు ఆడేవి కావు. ఆయనేమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను తినేసేది.

అప్పుడే ఎక్కడ చూసినా అంజూర మాట. టీవీలో అంజూర మంచిది, ఫోనులో అంజూర మంచిది, పక్కింటావిడ రాత్రి నానబెట్టి పొద్దున్నే తింటోంది. నాకు ఆంటీ బార్లు గుర్తొచ్చాయి. "చక్కెర ఒక్క పలుకు కూడా వేయకుండా చేస్తే సరి" అనుకున్నాను. మైదా తీసేసి గోధుమపిండి, ఓట్సు పెట్టాను. చక్కెర బదులు 100 గ్రాముల బెల్లం. పావుకిలో అంజూరకు తోడు, తీపి చాలదేమోనని 100 గ్రాముల ఖర్జూరం. పళ్ళేలు, బెల్లమే కదా! 12 పెద్ద పెద్ద ముక్కలు కోశాను.

మావారు ఒకటి తిన్నారు. కళ్ళు మూసుకుని నమిలారు. "నిజంగా చక్కెర లేదా?" అన్నారు. "ఒట్టు, ఒక్క పలుకు లేదు" అన్నాను గర్వంగా. ఇంకొకటి తీసుకున్నారు. ఆ రోజు నా సంతోషం చెప్పలేను. లోకంలో ఇంకెవరికీ తట్టని ఉపాయం నాకే తట్టిందనుకున్నాను. కాలనీలో ఇద్దరికి నేర్పించాను కూడా!

గూడ్సు డ్యూటీకి వేళాపాళా ఉండదు. ఏ అర్ధరాత్రో ఫోను వస్తే లైన్ బాక్సు సర్ది ఇవ్వాలి. రెండు మూడు పూటల తిండి అందులోనే. దాంట్లో నేను ఒక డబ్బా నిండా బార్లు పెట్టడం మొదలుపెట్టాను. కడప వైపు వెళ్ళేటప్పుడు రాత్రి నిద్ర ఆపుకోవడానికి ఒకటి, బండి సిగ్నల్ దగ్గర ఆగితే ఒకటి, రన్నింగ్ రూములో టీతో ఒకటి. ఒక్కో ట్రిప్పులో ఐదు ముక్కలు అయిపోయేవి. ఖాళీ డబ్బా చూసి నేను మురిసిపోయేదాన్ని. ఇలా దాదాపు మూడు నెలలు.

లోకో పైలట్లకు నిర్ణీత కాలానికి ఒకసారి ఉద్యోగపరంగా వైద్య పరీక్ష ఉంటుంది. కంటిచూపు దగ్గర్నుంచి అన్నీ చూస్తారు. వేల టన్నుల బండి నడిపే మనిషి కదా, చూడకపోతే ఎలా? దానికి ఇంకా కొంత వ్యవధి ఉందనగా, ముందు మనం చూసుకుందామని రక్తపరీక్ష చేయించారు. ఎప్పుడూ 130 దగ్గర ఉండే పరగడుపు షుగరు 212 ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంతకుముందు 7 ఉండేది, 8.4 అయింది.

కాగితం నా ముందు పెట్టి, "నేనేం తిన్నానని? అన్నం తగ్గించినాను, టీలో చక్కెర మానేసినాను. నువ్వు పెట్టిందే తిన్నాను. చక్కెర లేదంటివి కదా!" అన్నారు. కోపంగా కూడా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగారు. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఏమేం తింటున్నారో చెప్పమన్నారు. బార్ల సంగతి నేనే చెప్పాను. ఏమేం వేస్తానో ఒక్కొక్కటీ అడిగి, మందుల చీటీ వెనక్కి తిప్పి లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆ లెక్క మీకూ చెబుతాను, ఎందుకంటే ఇది మన వంటింట్లో చాలామందికి తెలియని లెక్క.

పచ్చి అంజూర 100 గ్రాముల్లో చక్కెరలు సుమారు 16 గ్రాములు. అదే ఎండితే నీరంతా పోయి, 100 గ్రాముల ఎండు అంజూరలో చక్కెరలు దాదాపు 48 గ్రాములు. అంటే సగం బరువు చక్కెరే! మొత్తం పిండి పదార్థాలు లెక్కేస్తే 64 గ్రాములు. ఖర్జూరం ఇంకా ఎక్కువ, 75 గ్రాములు. ఇక బెల్లంలో కాస్త ఇనుము, ఇతర లవణాలు ఉన్నా, దాదాపు అంతా చక్కెరే. షుగరు పెంచడంలో దానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు. తేనె సంగతీ అంతే. వీటికి గోధుమపిండి, ఓట్సు కూడా కలిపితే నా 12 ముక్కల్లో ఒక్కోదానిలో పిండి పదార్థం సుమారు 42 గ్రాములు తేలింది. అది దాదాపు ఒక కప్పు అన్నంలో ఉన్నంత. ఐదు ముక్కలంటే ఐదు కప్పుల అన్నం కిందే లెక్క! కంచంలో అన్నం తగ్గించి, డబ్బాలో దానికి రెండింతలు పెట్టి పంపాను నేను.

"మరి అంజూర మంచిదంటారు కదమ్మా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మంచిదే. 100 గ్రాముల్లో 10 గ్రాముల దాకా పీచు ఉంది, 160 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మంచిది అనేది ఒక మాట, ఎంత అనేది ఇంకో మాట. మీరు మొదటిది విన్నారు, రెండోది అడగలేదు" అన్నారావిడ.

బయటికి వస్తుంటే నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ప్రతి పండునూ చీల్చి చూడమని నేర్పింది కదా, నేను చక్కెర లేదన్న మాటను ఒక్కసారి కూడా చీల్చి చూడలేదు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఖాళీ డబ్బా చూసి మురిసిపోయానన్నాను చూడండి, అది ఆయన ఆరోగ్యం చూసి కాదు. నా చేతివంట మెచ్చుకున్నారని. మనం ఆడవాళ్ళం ప్రేమను గరిటెతోనే చూపించడం నేర్చుకున్నాం. ఇంకొంచెం, ఇంకొంచెం అని వేస్తూనే ఉంటాం. వద్దన్నవాళ్ళను బలవంతం చేయడం మర్యాద అనుకుంటాం.

ఇంటికి వచ్చి ఓవెన్ మీద గుడ్డ కప్పేశాను. నేర్పించిన ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి, నేను చెప్పింది తప్పని చెప్పి వచ్చాను. ఆ రెండు గడపలూ ఎక్కడం ఎంత కష్టమైందో! కానీ వాళ్ళల్లో ఒకావిడ అత్తగారికి షుగరు ఉంది, చెప్పకపోతే ఎలా?

మందు మోతాదు మార్చారు. ఆయన డ్యూటీ లేని రోజు పొద్దున్నే స్టేడియం వైపు నడక మొదలుపెట్టారు, తోడు నేను. అన్నం కప్పుతో కొలిచి పెట్టడం, కూర రెండింతలు పెట్టడం అలవాటైంది. నెలన్నర గడిచాక ఒకరోజు ఆయనే, "ఆ బార్లు మళ్ళీ చేయవా? ఒక్క ముక్క తింటాను, ఒక్కటే" అన్నారు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు. వెంటనే ఊ అనలేదు నేను. మళ్ళీ డాక్టరమ్మనే అడిగాను. "చిన్న ముక్క, భోజనంలో భాగంగా, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించి, వారానికి రెండు మూడుసార్లకు మించకుండా" అన్నారు. ఆయన సంగతి చూసి చెప్పిన మాట అది. మీ ఇంట్లో మనిషికి ఎంత అన్నది మీ డాక్టరు చెప్పాలి.

మా అమ్మాయి, నేను కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాం. ఖర్జూరం పూర్తిగా తీసేశాం. అంజూర 200 గ్రాములకు, బెల్లం 30 గ్రాములకు దించాం. ముక్క సైజు తగ్గించాం. అప్పుడు నాకు ఈ బారులో ఉన్న సుగుణం తెలిసింది. లడ్డు అయితే చేతిని బట్టి పెద్దదో చిన్నదో అవుతుంది. హల్వా అయితే గరిటె ఎంత మునిగితే అంత. బారు అలా కాదు. పళ్ళెం కొలత తెలుసు, లోపల వేసింది తెలుసు, స్కేలు పెట్టి కోస్తే ప్రతి ముక్కా ఒక్కటే. 20 సెంటీమీటర్ల చదరపు పళ్ళాన్ని 25 ముక్కలు చేస్తే ఒక్కోటి 4 సెంటీమీటర్లు. పిండి పదార్థం సుమారు 13 గ్రాములు. అమ్మాయి లెక్కల స్కేలు ఇప్పుడు నా గరిటెల డబ్బాలోనే ఉంటుంది.

ఇదిగో, నేను ఇప్పుడు చేసే పద్ధతి.

కావలసినవి: ఎండు అంజూర 200 గ్రాములు, నీళ్ళు ఒక కప్పు, నిమ్మరసం రెండు చెంచాలు, శొంఠి పొడి పావు చెంచా, ఏలకుల పొడి పావు చెంచా, గోధుమపిండి 150 గ్రాములు, ఓట్సు 100 గ్రాములు, ఫ్రిజ్‌లో గట్టిపడిన వెన్న 100 గ్రాములు, బెల్లం పొడి 30 గ్రాములు, వంటసోడా పావు చెంచా, ఉప్పు చిటికెడు, చల్లటి పాలు రెండు మూడు చెంచాలు.

చేసే విధానం: అంజూర తొడిమలు తీసి, చీల్చి చూసి, ముక్కలు కోయండి. నీళ్ళు పోసి సన్నటి మంట మీద పావుగంట ఉడికించండి. మెత్తబడ్డాక నిమ్మరసం, శొంఠి, ఏలకుల పొడి వేసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. గింజలు పంటికి తగులుతుంటేనే బాగుంటుంది. గుజ్జులో గరిటెతో గీత గీస్తే ఆ గీత నిలబడాలి. నిలబడకపోతే ఇంకాస్త దగ్గరపడనివ్వండి. పూర్తిగా చల్లార్చండి.

గోధుమపిండి, ఓట్సు, బెల్లం పొడి, సోడా, ఉప్పు కలిపి ఆ గిన్నెను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండలకు ఇది తప్పదు. తర్వాత వెన్నను చిన్న ముక్కలు చేసి వేసి, వేళ్ళ కొసలతో మాత్రమే నలపండి. అరచెయ్యి వేడికి కరిగిపోతుంది. రవ్వలా అయ్యాక చల్లటి పాలు చిలకరించండి. గుప్పిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వదిలి పొడిస్తే విడిపోవాలి. తీపి తగ్గించాం కాబట్టి ఈ పాలు లేకపోతే పట్టు ఉండదు.

20 సెంటీమీటర్ల పళ్ళెంలో బటర్ పేపరు పరిచి, పొడిలో మూడింట రెండు వంతులు వేసి గిన్నె అడుగుతో గట్టిగా ఒత్తండి. గుజ్జు సమంగా పరవండి. మిగిలిన పొడి పైన చల్లండి, ఇది ఒత్తకూడదు. ముందుగా పది నిమిషాలు వేడిచేసిన ఓవెన్లో 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. పైన గోధుమ రంగు రావాలి. ఓవెన్ లేనివాళ్ళు దళసరి పాత గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత పెట్టి, మధ్యస్థపు మంట మీద ముప్పావు గంట పైగా ఉంచవచ్చు. పైన రంగు అంతగా రాదు, రుచికి లోటుండదు.

బయటికి తీశాక రెండు గంటలు దాని జోలికి వెళ్ళకండి. ఆ తర్వాత ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టి, స్కేలుతో గుర్తులు పెట్టుకుని, పదునైన కత్తితో కోయండి. ఒక్కో ముక్కనూ బటర్ పేపర్లో చుట్టి డబ్బాలో పెట్టి, డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే రెండు నెలలు ఉంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్కటి బయటికి తీయవచ్చు. కళ్ళెదుట పళ్ళెం నిండా లేకపోవడం కూడా ఒక మందే. ఇంట్లో షుగరు లేని పిల్లలుంటే వాళ్ళకూ ఇవే పెట్టండి. వెన్న ఉంది కాబట్టి వాళ్ళకైనా లెక్కగానే.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 7.2కు దిగింది. ఉద్యోగపు వైద్య పరీక్ష కూడా ఏ ఇబ్బందీ లేకుండా అయింది. ఇదంతా బార్ల మహిమ అని మాత్రం అనుకోకండి. అలా అనుకునే కదా మొదట బోర్లా పడ్డాను! మందు, నడక, కొలిచిన అన్నం, వీటి వల్ల తగ్గింది. బారు చేసిందల్లా ఒకటే, ఇన్ని మానుకున్న మనిషికి వారానికి రెండు పూటలు నోరు తీపి చేసింది.

మొన్న సంక్రాంతికి ముందు రోజు రాత్రి డ్యూటీ పడింది. పండగ పూట ఇంట్లో ఉండరే అని నా మనసు ఆగలేదు. లైన్ బాక్సులో ఒకటి పెట్టాల్సింది, పేపర్లో చుట్టి రెండు పెట్టేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది! మర్నాడు సాయంత్రం ఆయన వచ్చాక బాక్సు కడగబోతే, రెండో ముక్క చుట్టిన పేపరు చుట్టినట్టే ఉంది.

"ఏమండీ, ఇది తినలేదే?" అన్నాను.

"లెక్క తప్పినావు మే" అన్నారు, చెప్పులు విప్పుకుంటూ.

ఒకప్పుడు డబ్బా ఖాళీగా వస్తే మురిసిపోయేదాన్ని. ఆ రోజు డబ్బాలో మిగిలిన ముక్కను చూసి అంతకంటే ఎక్కువ మురిసిపోయాను. దాన్ని మేమిద్దరం చెరిసగం చేసుకుని, ఆ పూట అన్నం చెరొక గరిటె తగ్గించి తిన్నాం.

మీరూ చేసి చూడండి. మీ ఇంట్లోవాళ్ళకు తప్పకుండా నచ్చుతుంది. కాకపోతే వెన్న, అంజూర తెచ్చుకునేటప్పుడు పిల్లల సంచీలోంచి ఒక స్కేలు తీసి పక్కన పెట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.